మామ ఏరిన సన్న దారం

కోరుట్ల దగ్గరి మా ఊరు ఇబ్రహీంపట్నం నుంచి మా తమ్ముడు ఫోన్ జేసి, మామ పోయిండని చెప్పిండు. సిరిసిల్లల నా కుట్టుమిషన్ ముందట అట్లనే కూసున్న. ఆయన మా అమ్మ తమ్ముడు. నాకు గాలం ఏసుడు నేర్పిన మనిషి.

మామ దుబాయిల క్రేన్ నడిపేటోడు. చేప లెక్క రంగేసిన చిన్న సీసపు ముక్కను నీళ్లల్ల ఇడిచి, మెల్లగ ఎగరేసుకుంట చేపలు వట్టుడు అక్కడి సముద్రం కాడ నేర్చుకున్నడు. తెలంగాణ సమ్మె నడుస్తున్నప్పుడు ఇంటికొచ్చిండు. బస్సులు బందయ్యి నేను సుత జగిత్యాల కాలేజీకి పోతలేను. నేను బండి నడిపితే మామ ఎనుక కూసునేటోడు. బీర్పూర్ దిక్కు చెరువులకు వోయేటోళ్లం.

సీసం తేలికదైతే దారం సన్నగుండాలె అనేటోడు. లావు దారం నీళ్లల్ల వంపు తిరుగుతది, చేప ముట్టినా చేతికి తెల్వదు. దారాన్ని రెండు గోర్ల నడుమ గుంజి, గరుకు తాకితే పక్కన పెట్టేటోడు. ముడిని ఉమ్మితోని తడిపినంకనే బిగించేటోడు. ఎండిది బిగిస్తే రాపిడికి వేడయ్యి అక్కడ్నే తెగుతదట.

ఉద్యమం కోసమే మామ కొలువు ఇడిచి అచ్చిండని ఊరంత అనుకున్నది. దీక్ష టెంట్ల శాలువ కప్పిండ్రు. మామ తల వంచుకొని కప్పించుకున్నడు. నేనైతే దోస్తులందరికి గొప్పగ చెప్పిన.

ఓ పొద్దు దారం కోసం కోరుట్లల ఒక దుకాణానికి వోయినం. మామ ఒక్కొక్క చుట్టను గోర్లతోని చూసి, అన్నిట్ల సన్నది ఏరిండు. గంతల దుకాణాయన మామను గుర్తువట్టిండు.

"తెలంగాణ కోసం కొలువిడిచినోనివి. నీ దగ్గర పైసలెట్ల తీస్కుంట అన్నా?"

పక్కనున్నోళ్లు దండం పెట్టిండ్రు. మామ చుట్టను బల్ల మీద పెట్టిండు.

"నేను ఇడువలేదన్నా. కండ్లు సక్కగ కనవడ్తలేవని కంపెనోళ్లే ఎల్లగొట్టిండ్రు. మీరు అనుకుంటుంటే ఇన్నొద్దులు సప్పుడు చెయ్యకుంట ఉన్న."

ఎవరి దిక్కు చూడాల్నో తెల్వక నేను నేల చూసిన. దుకాణాయన మామ ఇచ్చిన పైసలు గల్లాల ఏసుకొని వేరే గిరాకీ దిక్కు తిరిగిండు. ఇంటి ముందట దిగినంక, "నీకు తలవంపులు తెచ్చిన బిడ్డా" అన్నడు మామ. నేను బండి తాళం తీస్కొని లోపటికి వోయిన.

ఆ దారంతోని తర్వాత ఎన్నో కొర్రమట్టలు వట్టినం. చూపు పూర్తిగ పోయినంక సుత, సీసం అడుగు తాకితే మామ చెయ్యికి తెలుస్తుండె. ఎవరన్న మెచ్చుకుంటే మాత్రం మొఖం పక్కకు తిప్పుకునేటోడు.

ఇయ్యాల నాకు కనవడుతున్నది కోరుట్ల పోయొచ్చిన తెల్లారి మామ. శాలువ వాపసిచ్చి, టెంట్ల అందరి ఎనుక, చెప్పులిడిసే కాడ కూసున్నడు. ముందట జై తెలంగాణ అంటుంటే పెదవులు కదుపుతున్నడు. చెయ్యి మాత్రం పైకి లేపుతలేడు.