ఎక్కడ బాగుందో చెప్పిన ఆపా

మన ఫోను గుంపులో పెట్టిన సంతాప సందేశంలో ఒక తప్పుంది. ముందు అది సరిచేస్తాను. మనందరికీ అక్కలాంటి తాండూరు ఆపా మొన్న బుధవారం పొద్దున చాయ్ తాగి, ఇంకో అరకప్పు కావాలని కోడలికి చెప్పి, ఆమె తెచ్చేలోగా కన్నుమూశారు. అంతవరకు మీరు సరిగ్గానే రాశారు. ఆ కిందే, ‘మనం ఏం రాసినా, ఏ బొమ్మ వేసినా మెచ్చుకునే చల్లని మనసు’ అని చేర్చారు. ఎవరు చేర్చారో నాకు తెలుసు, పేరు చెప్పను. ఆపాది చల్లని మనసే కావచ్చు గానీ, మెచ్చుకోవడంలో ఆమెంత పిసినారిని నేను ఎక్కడా చూడలేదు. మనం ఒకరికొకరం చేసి ఇచ్చుకునే కానుకలన్నీ ఒక్కటి వదలకుండా చదివేది. ఏడాదికి ఏడింటికే సిఫారసు రాసేది. ఎనిమిదోది ఎంత గొప్పదైనా మరుసటి ఏడాది పుట్టాల్సిందే.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. నలభై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో సీరియల్ వచ్చేది. రైల్వే గేటు దగ్గర కాపలా ఉండే నర్సమ్మ, ఆమె మేక, గూడ్సు బండ్లలో దొంగతనాలు. నర్సమ్మ పట్టాల మీద ఏదో వెలుగు చూసి వెనక్కి తిరిగిన వారమే పత్రిక మూతపడింది. ఆ వెలుగేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆమెను అట్లా నిలబెట్టి వదిలెయ్యలేక మిగతా కథ మనమే రాసుకుంటున్నాం. ఏటా తొలకరికి పేర్లతో చీటీలు వేస్తాం. ఎవరికి ఏం ఇష్టమో వాళ్లు రాసి ఇస్తారు. ఎవరి పేరు వస్తే వారి కోసం గుట్టుగా ఒక కథో బొమ్మో చేసి పెడతాం. అందరూ ఒకే రోజు తెరుస్తారు. చీటీలు తీసేది వికారాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే మన శ్రద్ధగల సభ్యుడు. తెరిచిన వారానికి ఆపా ఏడింటి జాబితా వచ్చేది.

ఆమె తాండూరు ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు. నేను వికారాబాద్ నుంచి రోజూ రైల్లో పోయి అక్కడే లెక్కలు చెప్పేదాన్ని. ఆపా ఆ సీరియల్ ముక్కలను కత్తిరించి, దారంతో కుట్టి, స్టాఫ్ రూములో తన సొరుగులో దాచేది. అడిగిన వాళ్లకు ఇచ్చేది కాదు, పక్కన కూర్చోబెట్టుకుని చదివించేది. పరీక్షలు దగ్గర పడ్డాయంటే డ్రాయింగ్ పీరియడ్లు లెక్కలకు లాక్కునేదాన్ని నేనే. ఆమె ఏనాడూ తగాదా పడలేదు. ఒక్కసారి మాత్రం నల్లబల్ల వైపు చూసి, “నీ త్రిభుజాలు గూడ బొమ్మలే గద మేడం, జర మంచిగ గీయి” అని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి స్కేలు లేకుండా నేను గీత గీయలేదు.

సిఫారసు రాయడంలో ఆమెకు ఒకటే పట్టు. “బాగుందని అందరంటరు. ఏడ బాగుందో చెప్పు” అనేది. చెప్పలేకపోతే నువ్వు చదవలేదనే లెక్క. నవాబుపేట రైతు ఒకాయన, మూసిన గేటు ముందు సైకిలుతో నిలబడ్డ దొంగ మనసులోంచి కథ రాశాడు. దాని గురించి ఆపా రాసింది ఇంతే: ‘దొంగ సైకిల్ బెల్లు కొట్టబోయి ఆగిన చోట చదవండి. భయపడ్డ మనిషి వేలు ఎట్ల ఉంటదో ఈయనకు తెలుసు.’ బండల పాలిషింగులో పనిచేసే తాండూరు అమ్మాయి ఒకామె విరిగిన నాపరాయి మీద సుద్దతో నర్సమ్మను వేసి, ఫొటో తీసి పెట్టింది. అందరం లాంతరు వెలుగును పొగిడాం. ఆపా ఒక్కతే, ‘లాంతరు కాదు, దాన్ని పట్టిన చెయ్యి చూడండి, అది డ్యూటీ దిగే టైము చెయ్యి’ అని రాసింది. వెళ్లి మళ్లీ చూశాను. నిజమే. మణికట్టు వాలిపోయి ఉంది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మీలో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు మర్యాదకు మాట్లాడరు.

మూడేళ్ల కింద బషీరాబాద్ పిల్ల ఒకతి కొత్తగా చేరింది. గొర్లు, మేకలు కాసే ఇంటి బిడ్డ, తాండూరులో బట్టల షాపులో పనిచేస్తుంది. ఆమె రాసిన మొదటి కథ నా పేరుకు కానుకగా వచ్చింది. నేను దాన్ని చదివి, ముప్పై రెండేళ్లు పేపర్లు దిద్దిన అలవాటు చొప్పున, కింద పదకొండు తప్పులు వరుసగా నంబర్లు వేసి అందరికీ కనిపించేలా పెట్టాను. నాలుగోది, ‘వాన పడకముందే మేక గోడ వారకు చేరింది అన్నారు. మేకకు వాన రాబోతున్నట్టు ఎట్లా తెలుస్తుంది? అసంభవం’ అని. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. సాయంత్రానికి కథ కనిపించలేదు. పిల్లా కనిపించలేదు.

ఆపా ఫోన్ చేసింది. “బిడ్డ నీకు తోఫా ఇచ్చింది. పరీక్ష రాయలే. నువ్వెందుకు దిద్దినవ్ మేడం?”

 

ఆ ఆదివారమే నన్ను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో బషీరాబాద్ తీసుకుపోయింది. నా మోకాళ్లు దారి పొడుగునా వాటి అభిప్రాయం చెబుతూనే ఉన్నాయి. పిల్ల తల్లి సగం కన్నడం, సగం తెలుగులో పలకరించి జొన్నరొట్టె పెట్టింది. పిల్ల గడప పట్టుకుని నిలబడింది. ఆకాశం అప్పటికి తెల్లగానే ఉంది. మేం తింటుండగానే పొలం గట్టు మీది మేకలు ఒకదాని వెనక ఒకటి వచ్చి గోడను ఆనుకున్నాయి. రొట్టె అయిపోయేలోగా వాన దిగింది. ఆపా మేకల వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. రొట్టె చాలా బాగుందని, అంచు దగ్గర బాగుందని ఆ తల్లికి చెప్పింది.

మేక విషయంలో నువ్వే కరెక్టు అని పిల్లతో అన్నాను. “మిగిలిన పదీ?” అని అడిగింది. వాటిలో నేనే కరెక్టు అన్నాను. ఆపా నా కాలు తొక్కింది.

తర్వాత రెండేళ్లు ఆ పిల్ల చదివిందే తప్ప రాయలేదు. ఆపా ఒక్కసారి కూడా రాయమని అడగలేదట. వారానికోసారి ఫోన్ చేసి మేకల గురించే అడిగేదట. ఈ ఏడు పిల్ల తనంతట తానే పేరు ఇచ్చింది. ఆమె చీటీకి ఆపా పేరు వచ్చింది. ఆపా కోరిక ఇదీ: ‘నర్సమ్మ ఎన్నడూ నవ్వలే. ఒక్కసారి నవ్వుతుంటే చూడాలె.’

కానుకలు తెరవడానికి నాలుగు రోజుల ముందు ఆపా పోయింది. తీసుకునేవాళ్లు లేని కానుకను వెనక్కి తీసుకోవచ్చని మన నియమం. పిల్ల తన కథ తీసేయమని రాసిందని బ్యాంకు అబ్బాయి నాకు చెప్పాడు. ఈసారి పోతే ఇక రాదని నాకు తెలుసు. ఒకసారి వెళ్లగొట్టింది నేనే కదా.

ఫోన్ చేశాను. “ఎవరికి రాసిన్నో ఆమెనే లేదు మేడం. ఇంక ఎవరు తెరుస్తరు?” అంది. నీకు ఇష్టమైతే నేను తెరుస్తాను అన్నాను.  బట్టల షాపులో ఎవరో మీటరు గుడ్డ చింపిన చప్పుడు నాకు వినిపించింది.

“తప్పులు పట్టుండ్రి, ఏం ఫికర్ లేదు” అంది చివరికి. “గని ఏడ బాగుందో గూడ చెప్పాలె.”

చెబుతున్నాను, అందరూ వినండి. ఆ కథలో మేక పచ్చజెండా నమిలేస్తుంది. గూడ్సు దగ్గరపడుతుంది. నర్సమ్మ చేతిలో ఎర్రజెండా తప్ప ఏమీ లేదు. ఆమె కట్టుకున్నది ఆకుపచ్చ చీర. కొంగు విప్పి, చెయ్యి చాచి పట్టుకుంటుంది. డ్రైవరు కూత వేస్తాడు, వెనక పెట్టెలోని గార్డు ఆ కొంగుకు సలాం చేస్తాడు. నర్సమ్మ అప్పుడు నవ్వదు. డ్యూటీలో ఉంది కదా. ఆఖరి పెట్టె దాటి, పట్టాల మోత పూర్తిగా ఆగాక, గేటు ఎత్తబోయి నవ్వుతుంది. చూడడానికి మేక తప్ప ఎవరూ లేరు, అది కూడా అటు తిరిగి జెండా చివర నములుతోంది. ఆ ‘గేటు ఎత్తబోయి’ దగ్గర బాగుంది. పని పూర్తయ్యాక కూడా చెయ్యి ఇంకో పనిలో ఉండగా వచ్చే నవ్వు అది. ఆపా నవ్వు అట్లాగే ఉండేది. పిల్లకు ఆ సంగతి ఎవరు చెప్పారో నేను అడగలేదు. తప్పులు రెండున్నాయి, ఫోనులో చెప్పాను. ఒకదానికి ఒప్పుకుంది.

ఈ ఏటి జాబితా ఇక నేను రాస్తాను. మొదటిది ఇదే. మిగతా ఆరు మీరు పంపండి. ఎక్కడ బాగుందో లేని సిఫారసు వస్తే తిప్పి పంపుతాను, ఏడుపులు వద్దు.

చివరగా ఒక పని. ఫోన్లు లేనివాళ్ల కోసం ఆపా ఏటా జాబితాను తాండూరులో బషీరాబాద్ బస్సులు ఆగే చోట ఉన్న టైలరమ్మ దుకాణంలో తగిలించేది. జాకెట్లకు వచ్చినవాళ్లకు టైలరమ్మ చదివి వినిపిస్తుంది. సోమవారం పొద్దుటి బండికి వికారాబాద్ నుంచి పోయేవాళ్లలో ఒకరు నా దగ్గర కాగితం తీసుకోండి. ఏడూ వచ్చేదాకా ఆగొద్దు, ఉన్న ఒక్కటే పట్టుకుపొండి. స్టేషను బయట జిరాక్స్ చేయించి, అక్షరాలు పెద్దవిగా రావాలని చెప్పండి, పిల్ల పేరు మరీ పెద్దగా. గోడకు గమ్ము పూయొద్దు, టైలరమ్మ ఊరుకోదు, తలుపు పక్కన మేకు ఉంది. పదింటి లోపు తగిలించాలి. ఆ పిల్ల పనికి వచ్చే బస్సు పదింటికి అక్కడే ఆగుతుంది. కాగితాన్ని రోడ్డు వైపుకు తిప్పి పెట్టండి.