సొన్నమ్మ నోట రాని హక్కొత్తాయ

బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంట్ ఇళ్లల్లో పనిచేసే సొన్నమ్మ పొద్దున గడప దాటాక మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగదు. తాగితే వెళ్లడానికి చోటు లేదు. రోజూ తను కడిగే బాత్‌రూముల్ని తను వాడకూడదు. కింద క్లబ్‌హౌస్ మరుగుదొడ్డికి తాళం. ఒంట్లో మంట పుట్టినా, జ్వరం వచ్చినా ఏళ్లుగా ఎవరితోనూ అనలేదు.

పనివాళ్ల సంఘం నడిపే నళిని, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో మాట్లాడే రోజు ఖాయం చేసింది.

"మనవి అని చెప్పుకుంటాంలేమ్మా" అంది సొన్నమ్మ.

"మనవి కాదక్కా, హక్కొత్తాయ."

కర్ణాటకలో సంఘాల వాళ్లు డిమాండుకు వాడే కన్నడ మాట అది. అందులో హక్కు అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ దానికి నిజమనీ, న్యాయంగా రావలసినదనీ అర్థం. ఒత్తాయ కన్నడానిదే, మన తెలుగు ఒత్తుకు చుట్టం. రావలసినదాన్ని ఒత్తి మరీ అడగడమన్నమాట. చేతులు కట్టుకోవడం ఆ మాటలో లేదు.

ఆ రోజు బయటివాళ్లకు ప్రవేశం లేదని నళినిని గేటు దగ్గరే ఆపేశారు. లోపల అందరూ మగవాళ్లే. అధ్యక్షుడు అమరనాథ్ మర్యాదగానే అడిగాడు: "ప్రాబ్లం ఏంటమ్మా? ఫ్రీగా చెప్పు."

సొన్నమ్మ ఆ మగవాళ్ల ముఖాలు చూసింది. చివరికి, "తాగేదానికి నీళ్లు లేవు సార్" అంది.

వారం తిరక్కుండా ఫిల్టర్ పెట్టించారు. దాని పక్కన సొన్నమ్మను నిలబెట్టి ఫొటో కూడా తీసుకున్నారు.

"బాగా అడిగినావు పో" అంది తోటి పనిమనిషి కదిరమ్మ. "ఆ నీళ్లు నువ్వే తాగక్కా. తాగి యాడికి పోతావో మాకూ చూపీ."

"మొగోళ్ల ముందర ఆ మాట ఎట్ల చెప్పేది?"

"మొగోళ్లు పోరా యేమి?"

మరుసటి నెల మీటింగుకు సొన్నమ్మే వెళ్లింది. నేల చూస్తూనే చెప్పింది: "ఉచ్చకు పోయేదానికి మాకు చోటు కావల్ల సార్. కింద బీగము తీయండి."

అమరనాథ్ ఫోన్ చూసుకుంటూ, "నెక్స్ట్ మీటింగులో డిస్కస్ చేద్దాం" అన్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది సొన్నమ్మ. "అంతమందిలో నన్ను నేనే విప్పుకున్నట్ల ఉండాది" అని ముఖం కప్పుకుంది. సిగ్గుపడాల్సిన వాళ్లు లోపల టీ తాగుతున్నారు. తాళం ఇంకా తియ్యలేదు.

ఫ్లాట్లలో ఉండేవాళ్లకు చెబుతున్నాను. మీ ఇంట్లో పనిచేసే మనిషికి ఈరోజే మీ బాత్‌రూము తలుపు చూపించండి. మీ అసోసియేషన్ మీటింగులో ఈ హక్కొత్తాయను మీరే లేవనెత్తండి, నసగకుండా, ఆ పని పేరు పెట్టే. ఇంకో ఆడమనిషి తల వంచుకుని అడగాల్సిన పని పెట్టకండి.