అద్దానికి ఆనించిన తువ్వాలు

ఉత్తరాదికి వెళ్లే ఆ ఖరీదైన ఏసీ రైలు నెల్లూరు దాటేసరికి పొలాల మీద పొగమంచు తేలుతోంది. నా ఎదుట కూర్చున్న జువ్వలదిన్నె మత్స్యకారుడు ఆరు నెలలు గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్తున్నాడు.

"ముందొచ్చే మా ఊరి రైల్వే గేటు కాడ మా ఇంటామె నిలబడుంటాది సార్. ఈ నల్లద్దంలోంచి నేనేడ కనపడతా?" అంటూ ఎర్ర తువ్వాలు విప్పాడు. వేటకు పోయేటప్పుడు ఒడ్డు కనుమరుగయ్యేదాకా పడవలోంచి తువ్వాలు ఊపడం వాళ్ల అలవాటట. ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. ఇద్దరం దాన్ని అద్దానికి ఆనించాం.

గేటు కలలా వచ్చి జారిపోయింది. వెంటనే అతని ఫోన్ మోగింది.

"చూసినావా మే? ఆ, నేనూ చూసినా. కళ్లనీళ్లు పెట్టుకోబాక."

ఫోన్ పెట్టేసి, "చూసిందంట సార్" అన్నాడు.

"మీరు చూశారా?"

"యాడ సార్! రెప్ప కొట్టేలోపల పోయింది." తువ్వాలు నెమ్మదిగా మడిచాడు. "ఆమె కూడా చూసుండదులే."