పక్కింటి రోకలి

ఎవర్నీ తొందరగా నమ్మే మనిషిని కాను నేను. కరోనా వచ్చాక ఆ గుణం మరీ ముదిరింది. నరసరావుపేటలో మా వీధికి రెండు వైపులా కర్రలు అడ్డంగా కట్టేశారు. పాల ప్యాకెట్టును సబ్బునీళ్లతో కడిగి, కడిగిన చేతిని కూడా అనుమానంగా చూసుకునేదాన్ని. ఇంట్లో ఉండేది నేనూ, ఉబ్బసం ఉన్న మా అమ్మా. ఆ జబ్బు అంటితే అమ్మ బతకదని నా భయం.

పక్క వాటాలో పిన్ని, బాబాయి ఉండేవాళ్లు. చుట్టాలేం కాదు, వరస కలుపుకున్నాం. మధ్యలో ఒక్కటే గోడ. అయినా గడపలో నిలబడి మాట్లాడుకోవడం మానేసి, గోడకు అటొకరూ ఇటొకరూ కూర్చుని ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం.

అవి ఏడాదికి సరిపడా కారం కొట్టుకునే రోజులు. మిల్లులు మూసేయడంతో అటకెక్కిన రోకళ్లు కిందికి దిగాయి. కారం కొట్టే రోజుల్లో మా వైపు వీధంతా దగ్గుతుంది, ఎవరూ పట్టించుకోరు. పిన్ని ఇంట్లోంచీ రోకటి చప్పుడు, దాంతోపాటే బాబాయి దగ్గు. ఆశా కార్యకర్త గేటు బయట నుంచి "ఎవరమ్మా దగ్గేది?" అని అడిగితే, "కారం కొడతన్నాంగా, ఘాటుకి" అని పిన్ని లోపల్నుంచే చెప్పింది. ఆ అమ్మాయి సరేనని వెళ్లిపోయింది.

నాకు మాత్రం మనసులో పురుగు తొలుస్తూనే ఉంది. ఇద్దరు మనుషులకు ఎంత కారం కావాలి? రోజూ ఈ దంచుడేమిటి?

ఓ ఉదయం రోకలి గట్టిగా పడుతోంది, బాబాయి దగ్గు ఆగడం లేదు. మా అమ్మ కిటికీ పక్కనే కూర్చుని హాయిగా కాఫీ తాగుతోంది. ఎండుమిరపకాయ తుంచితే చాలు ఆయాసపడే మనిషి. అప్పుడు వెలిగింది నాకు. చప్పుడైతే ఉంది, ఘాటు లేదు.

ఫోన్ చేశాను. "పిన్నీ, ఉత్త రోలు దంచతన్నావా?"

రోకలి ఆగిపోయింది. "నీకెందుకే" అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "కాయలు అయిపోయినయ్. ఎవరికీ చెప్పబాక. తీసకపోతే మనిషిని మళ్లీ చూపించరంట" అంది.

ఒళ్లు మండిపోయింది. "మరి మా అమ్మ సంగతేంది?" అన్నాను. ఫోన్లో పిన్ని వెనకనుంచి బాబాయి ఊపిరి వినిపించింది, పిల్లికూతలతో. ఉబ్బసం ఎక్కువైనప్పుడు మా అమ్మ ఊపిరి కూడా అలాగే ఉంటుంది. ఆశా కార్యకర్తకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

మధ్యాహ్నం అంబులెన్స్ వచ్చింది. పిన్నిని ఎక్కనివ్వలేదు. పరీక్ష చేసి, నీకేమీ లేదు, ఇల్లు కదలొద్దన్నారు. ఆ తర్వాత బాబాయి ఫోన్ స్విచాఫ్. ఆసుపత్రి కబురు చెప్పేవాళ్లు లేరు. నేను ఎన్నిసార్లు చేసినా పిన్ని ఎత్తలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

ఓ సాయంత్రం గోడ అవతల దగ్గు మొదలైంది. గట్టిగా, సరిగ్గా నేను కూర్చునే చోటికి ఎదురుగా. ఫోన్ చేస్తే ఈసారి ఎత్తింది.

"దగ్గేది నువ్వేనా పిన్నీ?"

"నేనే. చెప్పుకో పో. ఆయన్ను తీసకపోయిన చోటికే నన్నూ తీసకపొమ్మను."

అది నిజం దగ్గు కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అయినా ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, పిన్ని చానా దగ్గుతోందని చెప్పాను.