నూట ఇరవై పేతుర్లు

ఆ రోజుల్లో ప్రతి మనిషికీ తనకు నడవడం వచ్చనే నమ్మకం గట్టిగా ఉండేది. నాకూ ఉండేది, పందొమ్మిదో ఏడు వచ్చేదాకా. ఆ ఏడు వేసవిలో మా మద్రాసు మామ (అమ్మ తమ్ముడు; సినిమా స్టూడియోలో కదిలే బొమ్మలు గీయడం ఆయన ఉద్యోగం) మా ఇంటికొచ్చి, ఊసుపోక నా నోటుపుస్తకం మూలల్లో పేజీకొక బంతి గీశాడు. గీసి, బొటనవేలితో పేజీలు జరజరా వదిలాడు. బంతి ఎగిరింది! నాకు ఆ పూట అన్నం సయించలేదు. నేర్పమని వెంటపడితే, "నూటికి తక్కువ గాకుండా బొమ్మలు గియ్యరా. మనిషి నడవాల. కోత పండక్కి వస్తా. నడిస్తే నిన్ను మద్రాసు తీసకపోతా, నడవకపోతే మీ నాయన చెప్పినట్టు టీచర్ ట్రైనింగుకు పో" అన్నాడు. ఈ షరతు నాకంటే మా నాన్నకే ఎక్కువ నచ్చింది. నా చేత ఏదీ నడవదని ఆయనకు గట్టి నమ్మకం.

కొడవలూరు దాపున మాది చిన్న క్రైస్తవ పల్లె. వరి మళ్ళు, ఒక కాలువ, ఒక చర్చి. నేను బాగా ఆలోచించి, బైబిల్లో పడవ దిగి యేసు వైపు నీళ్ళ మీద నడిచి, భయపడి మునగబోయిన శిష్యుడు పేతురును ఎంచుకున్నాను. భక్తితో కాదు. పాదాలు గీయడం నాకు రాదు, వాటిని అలలు కప్పేస్తాయి కదా అని. (మోకాళ్ళనేవి కూడా ఉంటాయని అప్పుడు తట్టలేదు.) తీరా కూర్చుంటే, ఒక కాలు ముందుకు పడ్డప్పుడు రెండోది ఏం చేస్తుందో నాకు తెలియదని తేలింది. ఇక చూసి నేర్చుకుందామని ఊళ్ళో జనం వెనకాల పడ్డాను. మడి గట్టు మీద మా నాన్న వెనక నడుస్తుంటే, "ఎందుకురా నా ఎనకాల?" అని కసిరాడు. "నీ మడమ చూస్తన్నా నాయనా" అన్నాను. ఆ మాటతో ఆయన కూడా తన మడమ సంగతి పట్టించుకోవడం మొదలుపెట్టి, నాలుగో అడుగు ఎటు వేయాలో మరిచిపోయి, మడిలో పడ్డాడు. అలలు ఎలా కదులుతాయో చూద్దామని సైకిలు తొక్కుకుంటూ సముద్రం ఒడ్డుకు కూడా వెళ్ళాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా కాగితాలు తిరగేసి, "అల ఇంత గెట్టిగా ఉంటే మేమూ నడిచేవోళ్ళమే గదబ్బయా, పడవెందుకు?" అన్నాడు.

ఒక బొమ్మ మీద కాగితం పెట్టి రెండోది గీయాలంటే కింద నుంచి వెలుతురు రావాలి. మా పల్లె మొత్తానికి అద్దం ఉన్న కిటికీ చర్చిలోనే ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ కిటికీ అద్దానికి కాగితాలు ఆనించి, ముఖం వాటికి దగ్గరగా పెట్టి గీస్తూ నిలబడేవాణ్ణి. మా పాస్టరు అయ్యగారు వెనక నుంచి చూసి దాన్ని ప్రార్థన అనుకుని, వీడికి దైవసేవకు పిలుపు వచ్చిందని మా అమ్మతో చెప్పారు. అమ్మ ఏడ్చేసింది. నేను మాత్రం అప్పటికి నలభయ్యో కాగితం మీద ఉన్నాను. మొత్తం నూట ఇరవై అయ్యాయి. వెనకవైపు పెన్సిలుతో నంబర్లు వేసి, పురికొసతో కట్ట కట్టి, గూట్లో పెట్టాను.

మాలో కోత పండగంటే, తొలి పంటలో కొంత చర్చికి తెచ్చి దేవుడి ముందు పెడతారు. వడ్లు, సొరకాయలు, కోడిపుంజులు, ఏదైనా సరే. ఆరాధన కాగానే వాటిని చర్చి ముందరే వేలం వేస్తారు. ఆ రోజు నేను మామ కోసం సైకిలు వేసుకుని రోడ్డు మీదికి పోయాను. బస్సు రెండు గంటలు ఆలస్యం. మామను వెనక కూర్చోబెట్టుకుని వచ్చేసరికి వేలం ముగిసింది, గూట్లో కట్ట లేదు.

"అమ్మా, నా కట్ట యాడ?"

"దేవుడి ముందర పెట్టినా అబ్బయా" అంది అమ్మ, ఎంతో ప్రశాంతంగా. "నీ చేతి మొదటి పని గదా. మొదటి ఫలం దేవుడికి ఇయ్యకుండా ఇంట్లో పెట్టుకుంటారా ఎవురన్నా?"

పరుగెత్తాను. వేలం వేసే సంఘపెద్ద (మేమంతా వేలంపాట తాత అనేవాళ్ళం) నన్ను చూసి చేతులు చాచి ఎదురొచ్చాడు. "కట్టగా పెడితే ఎవురూ నోరు మెదపలేదురా అబ్బయా! అందుకని విప్పి ఒక్కోటీ వేలం ఏసినా. కోడిపుంజు కంటే బాగా పలికినాడు పేతురు!"

పల్లెలో ప్రతి చేతిలోనూ ఒక పేతురు. అప్పటికే ఇద్దరు వదినా మరదళ్ళు, ఎవరి పేతురు కాలు ఎక్కువ లేచిందని పోట్లాడుకుంటున్నారు. తిరిగి ఇమ్మని బతిమాలాను. "దేవుడి సొత్తు పాడుకున్నాం, ఇయ్యం" అన్నారు అందరూ. మామ గడియారం చూసుకున్నాడు. సాయంత్రం బస్సుకు ఆయన వెళ్ళిపోవాలి. నా మొహం చూసి వేలంపాట తాతకు జాలేసింది. "కాయితం ఇయ్యం గానీ, పట్టుకోని నిలబడతాం. నువ్వు మీ మామను సైకిలెక్కించుకోని బిరబిరా తొక్కు. పేజీలు కదిలితేనేంది, మామ కదిలితేనేంది?" అన్నాడు. ఇంతకంటే మంచి ఉపాయం ఆ తర్వాత మద్రాసులోనూ నేను వినలేదు.

కాలువ రోడ్డు పొడుగునా నంబర్ల ప్రకారం నిలబెట్టబోయాను. ఏడో నంబరు ఒక చిన్నాయనది, ఎనిమిది ఎవరి కోడలిదో. అక్కడ వచ్చింది తంటా. చర్చిలో మగవాళ్ళు కుడి పక్క, ఆడవాళ్ళు ఎడమ పక్క. పుట్టి బుద్ధెరిగి ఒకే వరసలో నిలబడి ఎరగరు. "అయ్యగారి ముందర ఇదేం పనిరా?" అని గోల. చివరికి రోడ్డుకు కుడి పక్క మగవాళ్ళు, ఎడమ పక్క ఆడవాళ్ళు నిలబడ్డారు. సగం పేతురు ఇటు, సగం పేతురు అటు. అందరూ పండగ బట్టల్లో, బొమ్మను గుండెలకు ఆనించి, ఊపిరి బిగబట్టారు. తమ ఊపిరికి అతను మునిగిపోతాడేమోనని భయం కాబోలు.

తొక్కాను. జీవితంలో అంత వేగంగా ఇంకెప్పుడూ తొక్కలేదు. వెనక మామ తల కుడికీ ఎడమకూ తిప్పుతుంటే సైకిలు వంకర్లు పోతోంది. చివరికొచ్చి ఆగేసరికి ఆయన దిగలేదు, జారి కింద కూర్చున్నాడు. నవ్వి నవ్వి మాట రావడం లేదు. "ఇటుపక్క మునిగినాడురా... అటుపక్క లేచినాడు... మళ్ళీ పడవలోకి ఎగిరినాడు..."

నాకు ఏడుపొచ్చింది. "నడవనే లేదా మామా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నడిచినాడు. కాలువ వంతెన కాడ ఆడోళ్ళ పక్క నంబర్లు వరసగా కలిసినాయి. ఆడ నాలుగడుగులు వేసినాడు. మోకాలు గూడా వంచినాడు. చాల్లే, బట్టలు సర్దుకో."

నేను తిరిగి వెళ్తుంటే వరస ఇంకా చెదరలేదు. ఒక్కొక్కరూ ఆపి అడిగారు, "నాది కదిలిందా అబ్బయా?" అని. కదిలిందనే చెప్పాను, నూట ఇరవై సార్లు. అమ్మకూ అదే చెప్పాను.

మద్రాసులో ముప్ఫై ఏళ్ళు ఎన్నో బొమ్మల్ని నడిపించాను. పాదాలు కూడా గీశాను. పక్కన కూర్చున్న కుర్రాళ్ళు నా మొదటి బొమ్మ ఎలా వచ్చిందని అడిగితే, బాగానే వచ్చిందంటాను. నేను దాన్ని చూడలేదని మాత్రం చెప్పను. తొక్కేవాణ్ణి నేను కదా, కళ్ళు రోడ్డు మీదే పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ బుద్ధిమంతుడి మీద నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. వంతెన దగ్గర ఒక్కసారి తల తిప్పితే ఏమయ్యేది? ఇద్దరం కాలువలో పడేవాళ్ళం, అంతేగా. పడి ఉండాల్సింది.