ఊదకుండా తీసిన గొట్టాలు

పొద్దుటి నుంచి తుంపర. పత్తి చేనులో కలుపు తీసే గుంటుక ఆపి గట్టెక్కినప్పుడు ఫోను వచ్చింది. కరీంనగర్ కాలేజీలో నాతో పనిచేసిన ల్యాబ్ అటెండర్ చాచా ఆసిఫాబాద్‌లో, కూతురి ఇంట్లో చనిపోయాడట.

తొంభైల్లో నేను అక్కడ ఫిజిక్స్ చెబుతూ పీహెచ్‌డీ చేసేవాణ్ణి. పత్తి వేరులో జింకు ఎక్కడ చేరుతుందో చూడాలి. అందుకు విదేశంలోని సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం దగ్గర ఎక్స్‌రే కిరణాన్ని వెంట్రుకకన్నా సన్నగా చేసి వేరు మీద వేయాలి. తగిలిన చోట ఏ లోహం ఉందో, తిరిగి వెలువడే కిరణాలే చెబుతాయి. ఎక్స్‌రేలు మామూలు కటకానికి లొంగవు. కొసదేలిన గాజు గొట్టంలోకి పంపితే లోపలి గోడలను ఒరుసుకుంటూ జారి, కొస దగ్గర చిక్కబడతాయి.

ఆ గొట్టాలు చాచా తీసేవాడు. గ్యాసు మంట మీద తిప్పుతూ, గాజు మెత్తబడగానే రెండు చేతులా ఒక్క లాగు. మధ్యలో తెగి రెండయ్యేది. చేయి వణుకుతుందని పని అయ్యేదాకా చాయ్ ముట్టేవాడు కాదు. ప్రతి గొట్టాన్నీ నోట పెట్టి ఊది, నీళ్లలో బుడగ చూశాకే పెట్టెలో పెట్టేవాడు.

మొదటిసారి తీసుకెళ్తే కిరణం కొసదాకా రాలేదు. ఒకటి విరిచి చూస్తే లోపల ఊపిరి తడి ఎండి పొరకట్టి ఉంది. అక్కడివాళ్లు నాకు ఇంకొక్క అవకాశమే ఇచ్చారు, అదీ మరుసటి నెల చివరి వారంలో. చాచాకు ఆ నెలాఖరుకే రిటైర్మెంట్. ఆ పని తెలిసినవాళ్లు మా దగ్గర వేరే లేరు.

తిరిగొచ్చి రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడో రోజు చెప్పాక ఆయన గ్యాసు మంట ఆర్పి నా వైపు తిరిగాడు.

"పాతికేండ్ల సంది ఊదుతున్న సార్. ఎవ్వలు ఏమనలే."

"ఊదకపోతే కొస మూసుకపోయిందో లేదో ఎట్ల తెలుస్తది చాచా?"

మర్నాడు ఒక గొట్టం లాగి, తెగిన రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఊదితే బుడగలొచ్చాయి. దాన్ని పారేసి, రెండోదాన్ని నోటికి తగలనీయకుండా పెట్టెలో పెట్టాడు.

"ఇద్దరు అన్నదమ్ములే గద సార్. ఒకడు సాఫ్ ఉంటె ఇంకోడు గంతే. జర నమ్ముండ్రి."

నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు. ఆ మాట ఆయనతో అనలేదు. అలా పన్నెండు తీశాడు. తీస్తున్నంతసేపూ మొహం పక్కకు తిప్పి ఊపిరి వదిలేవాడు.

నెల చివరి వారం సింక్రోట్రాన్ దగ్గర మూడో గొట్టంలోంచి కిరణం వచ్చింది. వేరు పైపొర కింద జింకు చుక్కలు చుక్కలుగా తెర మీద కనబడింది. నా పీహెచ్‌డీ ఆ గొట్టం వల్లే పూర్తయింది. ఆ పూటే చాచాకు కాలేజీ చిరునామాకు ఉత్తరం రాశాను. అది చేరేసరికి ఆయన అక్కడ లేడు. నెలాఖరు రోజు సాయంత్రం ఐదింటి బస్సుకు ఆసిఫాబాద్ వెళ్లిపోయాడు. ఆ కబురు మళ్లీ ఎప్పుడూ ఆయనకు చెప్పలేదు.