ద్రాగిన్యా, ముసలి మగ ఎలుకలు, కిటికీ గాలి

నిష్ పట్నంలో ఎవరికి ఏ జబ్బు చేసినా దోషి ఒక్కటే: ప్రొమాయా, అంటే ఎదురెదురు కిటికీల మధ్య దూరే గాలి. పరిశోధనశాలలో ఎలుకలను సాకే ద్రాగిన్యాకు ఈ విషయంలో అనుమానమే లేదు. ఊరు మొత్తానికీ అనుమానం ఉన్నవాడు ఆమె మొగుడు రాదిసావ్ ఒక్కడే. రైల్వేలో రిటైరైన ఆ మహానుభావుడు ఒట్టి బనియనుతో చల్లటి సిమెంటు గట్టు మీద కూర్చుని చదరంగం ఆడతాడు, ఎత్తుకూ ఎత్తుకూ మధ్య మూత్రానికి పరుగెడతాడు. డాక్టరు మాట తెస్తే ఒంటికాలి మీద లేస్తాడు.

"గాలి తగిలిందయ్యా నీకు! డాక్టరుకి చూపించుకో."

"గాలీ లేదు, గీలీ లేదు. ఉక్కు మనిషినే నేను!"

ద్రాగిన్యాకు లోపల బెంగ. ఆమె అన్న కూడా ఉక్కు మనిషినంటూనే ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్ళాడు.

అలాంటప్పుడు పరిశోధకురాలు వుకీత్సా మగ ఎలుకల మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేటు గ్రంథిని పల్చగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో ద్రాగిన్యాకు చూపించింది. అక్కడక్కడ ఊదారంగు గుంపులున్నాయి.

"ఇవేంటమ్మా?"

"రోగాలతో పోరాడే కణాలు పిన్నీ. తమది కాని చోట గుంపుగా చేరి కాపురం పెట్టేశాయి."

"కిటికీ పక్క వరస ఎలుకలేగా ఇవి? నే చెప్పలా, గాలి!"

వుకీత్సా నవ్వలేదు. ఆమె కూడా నిష్ పిల్లే, మెడకు గుడ్డ చుట్టుకోకుండా గడప దాటదు. "చూద్దాం పిన్నీ" అని కిటికీ వరసనూ గోడ వరసనూ విడివిడిగా పరీక్షించింది. అది తేలేదాకా ద్రాగిన్యా కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

తేలింది. గాలికీ ఆ గుంపులకూ సంబంధం లేదు. రెండు వరసల్లోనూ ముసలి మగవాటికే ఉన్నాయి, కుర్రవాటికి దాదాపు లేవు.

ద్రాగిన్యా ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రం మొగుడితో అబద్ధం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది గానీ, ఎలుకల విషయంలో ఆమెకు అబద్ధం చేతకాదు.

"నువ్వే గెలిచావయ్యా. ఎలుకల ప్రొస్టేటులో గుంపులకు కారణం గాలి కాదంట."

రాదిసావ్ మీసం దువ్వాడు. "చెప్పానా! మరి దేనివల్లంట?"

"ముసలితనం. ముసలి మగవాటికే వస్తాయంట."

రాదిసావ్ సూపు తాగే చెంచా పక్కన పడేశాడు. లేచి వెళ్ళి వంటింటి కిటికీ ధడాలున మూశాడు.

"ముసలితనం ఏంటే, ముసలితనం! ఆ పిల్లకేం తెలుసు? ఇంట్లో ఇంత గాలి పెట్టుకుని... రేపే డాక్టరు దగ్గరికి పోదాం. వెళ్ళగానే గాలి తగిలిందని నువ్వే చెప్పు."

ద్రాగిన్యాకు నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళూ తిరిగాయి. "నేనే చెప్తాలే" అని అతని బనియను మీద ఉన్ని చొక్కా తొడిగింది.